అమ్మలుకి, ఆ రెండు ఆఫర్ల గురించి

రాజమహేంద్రవరం



నువ్వు పంపిన రెండు కాగితాలూ మీ మామయ్య ప్రింటు తీయించి తెచ్చాడు. ఒకటి డాలస్ నగర పోలీసులది. రెండోది పన్నెండు మంది పోలీసులున్న ఆ చిన్న ఊరిది. రెండూ ఆసాంతం చదివాను. ఈలోగా మీ అమ్మ ఫోన్ చేసింది. "అది ఎలాగూ నా మాట వినదు. కనీసం ఆ చిన్న ఊళ్లో చేరమని నువ్వైనా చెప్పు నాన్నా" అంది. నేను సరేననలేదు, కాదనలేదు. ఉత్తరం రాస్తానన్నాను.

నన్నడిగితే డాలస్‌లో చేరు. అక్కడే రిటైరవ్వమని అనను. మొదటి నాలుగైదేళ్లు మాత్రం అక్కడ చెయ్యి. ఎందుకలా అంటున్నానో చదివి, తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. నీ వయసులో నేనూ మా నాన్నని అడిగి పోలీసుల్లో చేరలేదు.

మాకు ఈ చిక్కే ఉండేది కాదు. నేను ఎస్సైగా సెలెక్టయినప్పుడు పెద్ద డిపార్ట్‌మెంటు కావాలా, చిన్నది కావాలా అని ఎవరూ అడగలేదు. రాష్ట్రం మొత్తానికి ఉన్నది ఒకటే. ఇచ్ఛాపురం కానిస్టేబులుకీ హిందూపురం కానిస్టేబులుకీ పైన ఒకే డీజీపీ. అనంతపురం పీటీసీలో ట్రైనింగు, ఆ తర్వాత జోన్లో ఎక్కడ వేస్తే అక్కడ డ్యూటీ. ఏజెన్సీలో దీపం పెట్టుకుని కూర్చునే స్టేషనైనా, రాజమండ్రిలో ఊపిరాడని స్టేషనైనా అదే జీతం, అవే స్టాండింగ్ ఆర్డర్లు, అదే పెన్షను. నచ్చని చోట వేస్తే ట్రాన్స్‌ఫర్ కోసం తిరగడం, నచ్చిన చోట వేస్తే ట్రాన్స్‌ఫర్ రాకుండా తిరగడం. మా కెరీర్ ప్లానింగంతా అంతే.

మీ దేశం సంగతి వేరు. మీ ఇంట్లో ఉన్న రోజుల్లో సిటిజన్ పోలీస్ అకాడమీకని వారానికో సాయంత్రం మీ ఊరి స్టేషనుకి వెళ్లేవాణ్ని, గుర్తుందా? అక్కడి సార్జెంటు మొదటి రోజునే చెప్పాడు, అమెరికాలో పోలీసు సంస్థలు దాదాపు 18 వేలు ఉన్నాయని. ఊరికొకటి, కౌంటీకి షెరీఫుది ఒకటి, యూనివర్సిటీకొకటి, ఆఖరికి స్కూల్ డిస్ట్రిక్టుకీ ఒకటి. న్యూయార్క్ నగరంలో యూనిఫాం వేసుకున్నవాళ్లే 33 వేలకు పైగా ఉంటే, దేశంలోని స్థానిక పోలీసు శాఖల్లో దాదాపు సగం చోట్ల పదిమంది కూడా ఉండరు. మునిసిపాలిటీకి కుళాయిలూ చెత్తబళ్లూ ఎలాగో పోలీసులూ అలాగే సొంతం. జీతం, తుపాకి, కారు, ట్రైనింగు, పెన్షను అన్నీ ఆ ఊరి ఖజానా మీదా, ఆ కౌన్సిలు మీదా ఆధారపడి ఉంటాయి. కాబట్టి ఏ ఊళ్లో చేరాలన్నది నువ్వు చాలా పెద్ద ప్రశ్నగా పట్టుకోవడంలో తప్పేమీ లేదు.

ముందు మీ అమ్మ భయం సంగతి చెప్తాను, అది తీరకపోతే మిగతాది ఎవరూ చదవరు. చిన్న ఊరైతే ప్రమాదం తక్కువ అని దాని లెక్క. మనవాళ్ల కథలే రెండు తీసుకో. హ్యూస్టన్ దగ్గర హారిస్ కౌంటీ షెరీఫ్ ఆఫీసులో సందీప్ ధాలివాల్ ఉండేవాడు. తలపాగాతో, గడ్డంతో డ్యూటీ చేసేందుకు అక్కడ మొదటిసారి అనుమతి పొందిన సిక్కు డిప్యూటీ అతను. వేలమంది పనిచేసే సంస్థ అది. 2019 సెప్టెంబరులో, పట్టపగలు, ఒక కారుని ఆపి మాట్లాడి వెనక్కి వస్తుంటే వెనక నుంచి కాల్చారు. రోనిల్ సింగ్ ఫిజీ నుంచి వచ్చిన భారత సంతతివాడు. కాలిఫోర్నియాలో న్యూమన్ అనే చిన్న ఊరు, అక్కడి శాఖలో ఉన్నది డజను మంది. 2018లో క్రిస్మస్ దాటిన అర్ధరాత్రి, తాగి నడుపుతున్నాడన్న అనుమానంతో ఒక బండిని ఆపాడు, అందులోవాడు అతణ్ని కాల్చి చంపాడు. అతని కొడుక్కి అప్పటికి అయిదు నెలలు. ఇద్దరూ చేస్తున్నది నువ్వు రోజుకి పదిసార్లు చేయబోయే పనే, బండి ఆపడం. ఊరు పెద్దదైనా చిన్నదైనా ఆ పనిలో ఉన్న ప్రమాదం ఒకటే.

ఊరి సైజుని బట్టి మారేది ఇంకొకటి ఉంది. రేడియోలో నువ్వు పిలిచాక రెండో కారు రావడానికి ఎంతసేపు పడుతుంది అన్నది. డాలస్‌లో పెట్రోల్ డివిజన్లు ఏడు. అర్ధరాత్రి రెండింటికి కూడా నీ డివిజన్లో నీకు తెలిసిన గొంతులు పది ఆ రేడియోలో వినిపిస్తాయి. పన్నెండు మంది ఉన్న ఊళ్లో, చీఫునీ సెలవుల్లో ఉన్నవాళ్లనీ తీసేసి మూడు షిఫ్టులకి పంచి చూడు. రాత్రి నువ్వొక్కదానివే ఉంటావు, లేదంటే ఇంకొకరు. సాయం కావాలంటే కౌంటీ డిప్యూటీ రావాలి, ఆయన ఆ సమయానికి కౌంటీకి అవతలి కొసన ఉండొచ్చు. ఏజెన్సీలో పనిచేసిన రోజుల్లో మాకూ అంతే. వీహెచ్‌ఎఫ్ సెట్టు పలికితే పలికినట్టు, లేకపోతే తెల్లవారేదాకా మాకు మేమే దిక్కు. అయితే నా పక్కన పాతికేళ్ల సర్వీసున్న హెడ్ కానిస్టేబుల్ ఉండేవాడు. నీకు కారులో పక్క సీటు ఖాళీగా ఉంటుంది.

అసలు నేను చెప్పదలచుకున్నది ఆ పక్క సీటు గురించే.

మీ దగ్గర అకాడమీ అయిపోయాక కొన్ని నెలలు ఫీల్డ్ ట్రైనింగ్ ఆఫీసరు పక్కన కూర్చోబెడతారు కదా. ఎఫ్‌టీవో అంటారు. అకాడమీలో చట్టం నేర్పుతారు, కాల్చడం, కారు తోలడం నేర్పుతారు. మనిషితో ఎలా మాట్లాడాలి, ఎక్కడ గొంతు పెంచాలి, ఎక్కడ చెయ్యి వేయకూడదు, రిపోర్టులో ఏం రాయాలి, ఏం రాయకుండా ఉండకూడదు, ఇవన్నీ మాత్రం ఎఫ్‌టీవో నుంచే వస్తాయి. ఆయన నేర్పుతున్నానని అనుకోకుండానే నేర్పుతాడు. నువ్వూ నేర్చుకుంటున్నానని తెలియకుండానే నేర్చుకుంటావు.

మినియాపోలిస్‌లో 2020 మే నెలలో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టిన డెరెక్ షావిన్ అలాంటి ట్రైనింగ్ ఆఫీసరే. అక్కడున్న మిగతా ముగ్గురిలో ఇద్దరు అప్పుడప్పుడే సొంతంగా డ్యూటీ మొదలుపెట్టిన కుర్రాళ్లు. వాళ్లలో ఒకడికి షావిన్ స్వయంగా ట్రైనింగ్ ఇచ్చాడు. రెండోవాడు, మనిషిని పక్కకి తిప్పుదామా అని రెండుసార్లు అడిగాడు. పెద్దాయన వద్దన్నాడు. ఊరుకున్నాడు. ఇద్దరూ జైలుకి వెళ్లారు. అది వందల మంది పోలీసులున్న పెద్ద డిపార్ట్‌మెంటు.

చిన్నదాని కథ కూడా చెప్తాను. ఇది నేను మీ కాలనీలో మంకీ క్యాపు పెట్టుకుని వాకింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ గుర్తొచ్చేది, మీ అమ్మకి చెప్పలేదు. అలబామాలో మాడిసన్ అనే ఊరు, 2015 ఫిబ్రవరి. మనవణ్ని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన ఒక తాత పొద్దున్నే కొడుకు ఇంటి దగ్గర నడుస్తున్నాడు. కొత్త మనిషెవరో తిరుగుతున్నాడని 911కి ఫోన్ వెళ్లింది. వచ్చిన పోలీసుల మాటలు ఆయనకి అర్థం కాలేదు, ఆయనకి ఇంగ్లీషు రాదు. ఒక ఆఫీసరు ఆయన చేతులు వెనక్కి పట్టుకుని నేలకేసి కొట్టాడు. మెడ దగ్గర వెన్నుకి దెబ్బ తగిలి కాళ్లూ చేతులూ సరిగా ఆడని స్థితి వచ్చింది. ఆ ఆఫీసరు మీద ఫెడరల్ కేసు రెండుసార్లు జ్యూరీ ముందుకు వెళ్లి రెండుసార్లూ తేలలేదు, చివరికి జడ్జి విడుదల చేశాడు. నేను చెప్పదలచుకున్నది కేసు సంగతి కాదమ్మా. ఆ పొద్దున ఆ ఆఫీసరు పక్కన ఉన్నది ఒక కొత్త కుర్రాడు. ఆయన ఆ కుర్రాడికి ట్రైనింగ్ ఇస్తున్నాడు.

అందుకని పెద్దదైతే మంచిది, చిన్నదైతే చెడ్డది అని నేను చెప్పడం లేదు. పెద్ద డిపార్ట్‌మెంట్‌లో నీకు ఒక వెసులుబాటు ఉంది. ట్రైనింగు విడతలుగా నడుస్తుంది, విడతకొక ఎఫ్‌టీవో మారతాడు. మొదటివాడు మొరటువాడైతే రెండోవాడి దగ్గర పని ఇంకోలా కూడా చేయొచ్చని తెలుస్తుంది. నలుగురిని చూస్తే ఎవరిలా ఉండాలో, ఎవరిలా ఉండకూడదో నీకే తెలుస్తుంది. పన్నెండు మంది ఉన్నచోట నీకు నేర్పేవాడు ఒకడే ఉండొచ్చు. అతను మంచివాడైతే నీ అదృష్టం. కాకపోతే అతనే రేపు నీ సార్జెంటు, ఎల్లుండి చీఫు. మాకు ట్రాన్స్‌ఫర్ ఉండేది కాబట్టి బతికిపోయాం. నీకు అక్కడ ట్రాన్స్‌ఫర్ అంటే రాజీనామా.

డాలస్ గురించి కూడా కళ్లు తెరుచుకునే చేరు. ఆ నగరానికి ఇప్పుడు మూడు వేల పైచిలుకు పోలీసులున్నారు. 2024 నవంబరులో ఓటర్లు నగర చార్టరునే మార్చి, నాలుగు వేలు ఉండి తీరాలని తీర్పిచ్చారు. ఆఫర్ కాగితంలో నిన్ను అంత మర్యాదగా పిలవడం వెనక అది కూడా ఉంది. హడావిడిగా మనుషుల్ని తీసుకునే చోట మూడేళ్ల సర్వీసువాడే కొత్తవాడికి పాఠం చెప్తుంటాడు. నీ ఎఫ్‌టీవోలకి ఎంత సర్వీసు ఉంటుందో అడుగు. సిగ్గుపడకు. పెళ్లిచూపుల్లో వాళ్లడిగే ప్రశ్నల కన్నా ఇది చాలా మర్యాదైన ప్రశ్న.

డాలస్ పోలీసు హెడ్‌క్వార్టర్స్ ఉన్న వీధి పేరు చూశావా? బోథమ్ జీన్ బులెవార్డ్. 2018లో డ్యూటీ దిగి వచ్చిన ఒక డాలస్ పోలీసు ఆఫీసరు తన అపార్ట్‌మెంటు అనుకుని పై అంతస్తులో ఉండే బోథమ్ జీన్ ఇంట్లోకి వెళ్లి, అతణ్నే దొంగ అనుకుని కాల్చేసింది. ఆమెకి హత్య నేరం కింద శిక్ష పడింది. తర్వాత నగరం ఆ వీధికి అతని పేరు పెట్టింది. అదే నగరంలో 2016 జులై 7న, పోలీసుల మీద నిరసన ఊరేగింపుకి కాపలా కాస్తున్న పోలీసుల్ని మాటు వేసి కాల్చారు. అయిదుగురు పోయారు. ఆ వారంలోనే అప్పటి చీఫ్ డేవిడ్ బ్రౌన్, ఊరేగింపులో ఉన్న కుర్రాళ్లని వచ్చి దరఖాస్తు పెట్టుకోమని పిలిచాడు. ఈ రెండు కథలూ నీ యూనిఫాంతో పాటే నీకు వస్తాయి. ఎవరో ఎక్కడో చేసినదానికి నిన్ను తిడతారు, ఎవరో ఎక్కడో పోయినందుకు నీకు నమస్కారం పెడతారు. రెంటికీ అలవాటుపడాలి.

ఇక ఆ చిన్న ఊరి వైపు. దాన్ని తీసిపారేస్తున్నాననుకోకు. ఏజెన్సీ స్టేషన్లో నేను గడిపిన కాలం నా సర్వీసులో నాకు చాలా ఇష్టమైన కాలం. చిన్నచోట కేసు మొదటి నుంచి చివరిదాకా నీదే. దొంగతనం జరిగిందని ఫోను వస్తే నువ్వే వెళ్తావు, వేలిముద్రలు నువ్వే తీస్తావు, సాక్షుల్ని నువ్వే పట్టుకుంటావు, కోర్టులో నువ్వే చెప్తావు. డాలస్‌లోనైతే మొదటి రిపోర్టు రాసి డిటెక్టివుకి అప్పగించి ఇంకో కాల్‌కి పరుగెత్తాలి. ఆ కేసు ఏమైందో ఆరు నెలల తర్వాత కూడా నీకు తెలియకపోవచ్చు. చిన్న ఊళ్లో గ్రాసరీ షాపులో నిన్ను పేరుపెట్టి పలకరిస్తారు. ఏ ఇంటి కుర్రాడు ఎప్పుడు తప్పుదారి పడుతున్నాడో వాడి తల్లి కన్నా ముందు నీకు తెలుస్తుంది. అలా తెలిసి పనిచేయడంలో ఉన్న సుఖం పెద్దచోట దొరకదు. కాకపోతే పెద్ద నేరం జరిగితే, హత్యలాంటిది, చిన్న ఊళ్లు టెక్సస్ రేంజర్లని పిలుచుకుంటాయి. నువ్వు టేపు కట్టి బయట నిలబడాలి.

ఆ ఊరి కౌన్సిలు సంగతి మాత్రం కనుక్కో. మా రోజుల్లో ఎమ్మెల్యే ఫోన్ వస్తే మాకూ ఎస్పీకీ మధ్య ఇద్దరు ముగ్గురు ఆఫీసర్లు ఉండేవారు, ఆ వేడి కాస్త చల్లారి మా దాకా వచ్చేది. చిన్న ఊళ్లో మేయరుకీ నీకూ మధ్య చీఫు ఒక్కడే. ఆయన ఉద్యోగం కూడా కౌన్సిలు చేతిలోనే. మిసోరిలో ఫెర్గూసన్ అనే ఊరు 21 వేల జనాభాది. 2014లో మైకేల్ బ్రౌన్ అనే కుర్రాణ్ని అక్కడి పోలీసు కాల్చాక ఊరు భగ్గుమంది. మరుసటేడు న్యాయశాఖ నివేదిక వచ్చింది. నగర ఖజానా నింపడానికి జరిమానాలు పెంచమని అధికారులే పోలీసుల మీద ఒత్తిడి పెట్టారని, ఆ భారం నల్లవాళ్ల మీద పడిందని అందులో తేల్చారు. మీ టెక్సస్‌లో టిక్కెట్లకి కోటా పెట్టడం చట్టవిరుద్ధం. అయిదువేల లోపు జనాభా ఉన్న ఊళ్లు ట్రాఫిక్ జరిమానాల మీదే బతకకుండా, రాబడిలో 30 శాతం దాటిన జరిమానా సొమ్ము రాష్ట్రానికి జమ చేయాలనే నిబంధన కూడా ఉంది. అలాంటి చట్టం ఎందుకు చేయాల్సి వచ్చిందో ఊహించుకో. ఊరి బడ్జెట్ కాగితాలు పబ్లిక్‌వే, తీసి చూడు. మునిసిపల్ కోర్టు రాబడి ఎంతో చూస్తే నిన్ను అక్కడ ఏ పనికి తీసుకుంటున్నారో అర్థమవుతుంది.

ఇంకోటి. చిన్న డిపార్ట్‌మెంటు ఉన్నట్టుండి లేకుండా పోవచ్చు. మినెసోటాలో గుడ్‌హ్యూ అనే పల్లెలాంటి ఊళ్లో 2023 ఆగస్టులో జీతాలు చాలక చీఫుతో సహా అందరూ రాజీనామా చేశారు. షెరీఫు వచ్చి ఊరిని చూసుకోవాల్సి వచ్చింది. మనకి ఇది ఊహకైనా అందదు.

మీ టెక్సస్‌లోనే జరిగిన యువాల్డీ స్కూలు కాల్పుల గురించి నువ్వు నాకన్నా ఎక్కువ చదివి ఉంటావు. 2022 మే 24. ఆ స్కూల్ డిస్ట్రిక్టుకి సొంత పోలీసులు ఆరుగురే. ఆ రోజు రాబ్ ఎలిమెంటరీకి రకరకాల సంస్థల నుంచి వచ్చినవాళ్లు మొత్తం 376 మంది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. లోపలికి వెళ్లి ఆ తుపాకివాణ్ని కాల్చడానికి 77 నిమిషాలు పట్టింది. ఎవరి మాట ఎవరు వినాలో తెలియదు. స్కూలు పోలీసు చీఫు, తానే ఆ ఆపరేషనుకి బాధ్యుణ్నని అనుకోలేదని తర్వాత చెప్పాడు. ఇది ఒక్క చిన్న డిపార్ట్‌మెంటు పాపమని నేననను, రాష్ట్ర పోలీసులు, బోర్డర్ పెట్రోల్‌వాళ్లు కూడా అక్కడ నిలబడే ఉన్నారు. 1991 పుష్కరాల బందోబస్తుకి మా దగ్గరికి జిల్లాజిల్లాల నుంచి మనుషులు వచ్చారు. మొహాలు కొత్తవే అయినా ఏ ఘాటుకి ఎవరు బాధ్యులో, ఎవరి మాట మీద ఎవరు కదలాలో కాగితం మీద ముందే ఉండేది. మీ దగ్గర ఎవరి జెండా వాళ్లది. కాబట్టి ఏ ఊళ్లో చేరినా, పక్క ఊళ్లవాళ్లతో కలిసి ఏడాదికి ఎన్నిసార్లు ప్రాక్టీసు చేస్తారో కనుక్కో.

ఆడపిల్లవని ఈ మాటలు రాయడం లేదు, కానీ ఆడపిల్లవి కాబట్టి ఇవి కూడా చూసుకోవాలి. అమెరికా పోలీసుల్లో ఆడవాళ్లు నూటికి పదమూడు మంది దాకా ఉంటారట. 2030కల్లా అకాడమీ తరగతుల్లో 30 శాతం చేయాలని 30×30 పేరుతో ఒక ప్రయత్నం నడుస్తోంది. ఆ చిన్న ఊళ్లో నువ్వే మొదటి ఆడ ఆఫీసరువి అవుతావని వాళ్లే గర్వంగా రాశారు. మొదటిదానివి కావడం పేపర్లో ఫోటోకి బాగుంటుంది. బట్టలు మార్చుకునే గది ఉందా? బుల్లెట్ ప్రూఫ్ వెస్టు నీ కొలతకి కుట్టిస్తారా, పాత ఆఫీసరుది సర్దుకోమంటారా? సరిపోని వెస్టుకి సందుల్లో గుండు దిగుతుంది, అది బట్టల షాపు వ్యవహారం కాదు. రేపు పెళ్లయి కడుపుతో ఉన్నావనుకో. అలాంటివాళ్లకి పనిలో సర్దుబాట్లు చేయాలని 2023 నుంచి ఫెడరల్ చట్టం ఉంది, 15 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న ప్రతిచోటా. కానీ పన్నెండు మందీ పెట్రోలింగే చేసేచోట నిన్ను కూర్చోబెట్టడానికి టేబులు ఎక్కడుంది? డాలస్‌లో రికార్డులు, ట్రైనింగు, డిటెక్టివ్ బ్యూరో ఇలా కుర్చీలున్న చోట్లు చాలా ఉన్నాయి. సలహా అడగడానికి అదే దారిలో నడిచిన ఆడవాళ్లూ వందల్లో ఉన్నారు.

జీతం గురించి ఎక్కువ రాయను. డాలస్ మొదటి జీతం 70 వేల డాలర్లకు పైనే. చుట్టుపక్కల సంపన్న శివార్లు అంతకన్నా ఎక్కువ ఎర వేసి డాలస్ మనుషుల్ని లాక్కుంటాయన్నది అక్కడ పాత ఫిర్యాదు. ఆ చిన్న ఊరు ఇచ్చేది నీకు కనిపిస్తూనే ఉంది.

పెన్షను మాత్రం ఈ వయసులోనే ఆలోచించు. నీకిప్పుడది నవ్వులాటగా ఉంటుంది, తెలుసు. నేను పాత పెన్షను తీసుకుంటున్నవాణ్ని. మా దగ్గర 2004 సెప్టెంబరు నుంచి చేరిన పిల్లలకి అది లేదు, సీపీఎస్ వచ్చింది. ఒకే స్టేషన్లో పక్కపక్క కుర్చీల్లో ఉన్న ఇద్దరి ముసలితనాలు చేరిన తేదీని బట్టి రెండు రకాలు. డాలస్ పోలీసు, ఫైర్ పెన్షను ఫండు 2016లో దాదాపు మునిగింది. డీఆర్‌వోపీ అనే ఖాతాల్లో పెట్టిన డబ్బుకి గ్యారంటీ వడ్డీ ఇస్తామని ఏళ్ల తరబడి ఇచ్చారు, చివరికి ఫండు ఖాళీ అవుతోందని తెలిసి రిటైరైనవాళ్లు కొద్ది నెలల్లోనే వందల మిలియన్ల డాలర్లు లాగేశారు. 2017లో రాష్ట్ర శాసనసభ కలగజేసుకుని చట్టం మార్చింది. అప్పటి నుంచి పూర్తి పెన్షనుకి 58 ఏళ్లు రావాలి. టెక్సస్‌లో 900కు పైగా ఊళ్లు టీఎంఆర్‌ఎస్ అనే ఉమ్మడి పెన్షను పథకంలో ఉన్నాయి. వాటిలో చాలా ఊళ్లలో 20 ఏళ్ల సర్వీసు నిండితే ఏ వయసులోనైనా పెన్షనుతో బయటికి రావచ్చు. ఆ పథకంలోని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారినా పాత సర్వీసు లెక్కలోకి వస్తుంది. ఈ ఒక్క విషయంలో చిన్న ఊరిదే పైచేయి, ఆ ఊరు టీఎంఆర్‌ఎస్‌లో ఉంటే. అందుకే నాలుగైదేళ్లు అన్నాను, జీవితమంతా అనలేదు. టెక్సస్ పోలీసులకి టీకోల్ అనే సంస్థ ఇచ్చే లైసెన్సు రాష్ట్రమంతా చెల్లుతుంది. డాలస్‌లో అయిదేళ్లు చేసినదాన్ని ఏ శివారు నగరమైనా పిలిచి కుర్చీ వేస్తుంది. చిన్న ఊళ్లో అయిదేళ్లు చేసి డాలస్ వెళ్తే, చాలావరకు కొత్తదానిలా మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు.

ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలో నా మనసులో ఉన్నది కూడా చెప్పేస్తాను. అర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో. కొన్ని వందల మంది పోలీసులున్న మధ్యరకం డిపార్ట్‌మెంట్లు. పైగా మనవాళ్లు ఇళ్లు కట్టుకుని ఉన్నది అక్కడే. ఒక రాత్రి మీ వీధి చివరి ఇంటికి పోలీసు కారు వచ్చింది కదా, నువ్వు అప్పుడు కాలేజీలో ఉన్నావు. ఆ అమ్మాయి వాకిట్లో చలికి వణుకుతూ నిలబడింది. పోలీసాయన ఫోన్లో దుబాసీని పిలిచాడు, ఆవిడ మాట్లాడింది హిందీ. ఆ పిల్లకి తెలుగు తప్ప రాదు. "ఏం లేదు, ఏం లేదు" అని లోపలికి వెళ్లిపోయింది. భర్త వీసా మీద వచ్చిన పిల్లలకి, ఫిర్యాదు చేస్తే తమనే పంపించేస్తారని భయం. ఇలాంటి నేరాలకి బలైనవాళ్లు పోలీసులకి సహకరిస్తే యూ వీసా అడిగే వీలుందని, దానికి పోలీసు శాఖే సంతకం పెట్టాలని వాళ్లకి చెప్పే దిక్కు లేదు. ఆ వాకిట్లో తెలుగులో "ఏమ్మా, భోంచేశావా?" అని అడగగల ఆఫీసరు ఉంటే ఆ రాత్రి ఎలా ఉండేదో నువ్వే ఆలోచించు. కానీ ఆ వాకిట్లోకి కొత్తదానివిగా వెళ్లకు. అలాంటి కాల్స్ వందలు చూసిన దానివిగా వెళ్లు. అన్ని కాల్స్ నీకు అయిదేళ్లలో చూపించేది డాలస్సే.

వేగం గురించి ఒక్క మాట. సియాటిల్‌లో 2023 జనవరిలో రోడ్డు దాటుతున్న మన కర్నూలు జిల్లా అమ్మాయిని పోలీసు కారు గుద్దేసింది. 25 మైళ్ల రోడ్డు మీద 74 మైళ్ల వేగంతో, ఒక ఎమర్జెన్సీ కాల్‌కి వెళ్తూ. ఆ పిల్ల ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు ఇంకో ఆఫీసరు ఫోన్లో నవ్వుతూ మాట్లాడింది అతని బాడీ కెమెరాలోనే రికార్డయి బయటికొచ్చింది. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఇక్కడ ఆ రోజుల్లో టీవీలో అదే వార్త. మీ అమ్మమ్మ టీవీ కట్టేసి నన్ను అడిగింది, "మన పిల్ల కూడా వీళ్లలో చేరుతుందా?" అని. వీళ్లు ఇలా ఉన్నారు కాబట్టే చేరనీ అన్నాను. అయినా నువ్వు కారు తోలేటప్పుడు ఆ అంకెలు రెండూ గుర్తుపెట్టుకో.

ఇప్పుడు చేయాల్సింది. సంతకం పెట్టేముందు రెండు చోట్లా రైడ్ అలాంగ్ అడుగు. పగలు కాదు, శనివారం రాత్రి. కారులో ఉన్న ఆఫీసరు తన సార్జెంటు గురించి ఎలా మాట్లాడుతున్నాడో విను. ఆయన ఆపిన మనిషి వెళ్లిపోయాక కారెక్కి ఏమంటున్నాడో ఇంకా జాగ్రత్తగా విను. చిన్న ఊళ్లో చీఫుని కలువు. గడిచిన మూడేళ్లలో ఎంతమంది వదిలి వెళ్లారో, ఎక్కడికి వెళ్లారో అడుగు. కుదిరితే వెళ్లిపోయినవాళ్లలో ఒకరితో మాట్లాడు. డాలస్‌లో రిక్రూటరు కాదు, నీ వయసు ఆడ ఆఫీసరు ఎవరైనా ఉంటే పట్టుకో. ఇవన్నీ చేశాక చిన్న ఊరే నచ్చితే, అక్కడి సార్జెంటులో నేను చెప్పిన మా హెడ్ కానిస్టేబుల్ లాంటి మనిషి కనిపిస్తే, నా ఉత్తరం పక్కన పెట్టేసి అక్కడే చేరు. నేను నొచ్చుకోను.

మీ అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించు. రోనిల్ సింగ్ సంగతి దగ్గర కాస్త నెమ్మదిగా చదువు. తర్వాత నాకు ఫోన్ చెయ్యమను, దానితో నేను మాట్లాడుకుంటాను. మీ నాన్నకి పెన్షను పేరా చూపించు, ఆయనకి లెక్కలంటే ఇష్టం. టీఎంఆర్‌ఎస్‌లో ఆ ఊరు ఉందో లేదో ఆయనే వెతికి పెడతాడు.

మోకాలి నొప్పి తగ్గిందా? అకాడమీలో పరుగు ఎక్కువ, ఇప్పటి నుంచే తారు రోడ్డు మీద కాకుండా గడ్డి మీద పరుగెత్తు. అమ్మమ్మ నీకు కొబ్బరి లౌజు పంపుతానంటోంది, ఎవరు వస్తున్నారో చెప్పు.

ఆశీస్సులతో,
తాతయ్య